వెనక సీట్లో నిద్ర

ఆ గదిలో నన్ను అడిగింది ఒకే ప్రశ్న. "కార్లో నువ్వూ ఉన్నావు కదా. వంతెన మాట వచ్చిందా, రాలేదా?" రాలేదు అని చెప్పాలి. నేను చెప్పలేదు. "తెలీదు, వెనక సీట్లో నిద్రపోయాను" అన్నాను.

నేను నిద్రపోలేదు. ఆ అబద్ధం వల్ల ఒక మనిషి పదవి పోయింది, మా ఆవిడకి డాక్టరుగా లైసెన్సు వచ్చింది, ఏ సంబంధమూ లేని ఒక పెద్దమనిషికి శాలువా కప్పారు. ఈ మూడూ ఎలా ముడిపడ్డాయో ఇన్నాళ్ళూ ఎక్కడా రాయలేదు. ఆ కార్లో ఉన్న ముగ్గురిలో ఇద్దరు పోయారు. ఇక మిగిలింది నేనే.

పదవి పోయినాయన ఒక రాష్ట్ర శాసనసభలో ప్రతిపక్ష నాయకుడు. ఏ రాష్ట్రమో చెప్పను, మంచు ఎక్కువ అని మాత్రం చెబుతాను. ఏ పార్టీయో కూడా చెప్పను. చెబితే పాఠకుల్లో సగం మంది ఆయనకి తగిన శాస్తే జరిగింది అనుకుంటారు, మిగతా సగం మంది నన్ను ఉరి తియ్యాలంటారు. రెండిటివల్లా నాకు ఉపయోగం లేదు.

డెబ్బైల చివర నేను స్టాటిస్టిక్స్‌లో ఎమ్మెస్ పూర్తి చేసి, కార్ల కంపెనీలో ఉద్యోగం వస్తుందని ఎదురుచూస్తున్నాను. కార్ల కంపెనీలు అప్పుడు ఉన్నవాళ్ళనే ఇళ్ళకి పంపుతున్నాయి. పేపర్లో ఒక ప్రకటన కనబడింది: శాసనసభ ప్రతిపక్ష కార్యాలయానికి బడ్జెట్ చదవగలిగిన మనిషి కావాలి. వెళ్ళాను. ఆ నాయకుడే, అరవై దాటిన పొడుగాటి మనిషి, లావుపాటి బడ్జెట్ పుస్తకం నా ముందు పెట్టి, "ఇందులో వాళ్ళు దాచిందేమిటో చూడు" అని కాఫీకి వెళ్ళిపోయారు. తిరిగి వచ్చేసరికి, ఒకే రోడ్డు మరమ్మతు రెండు చోట్ల ఉందని చూపించాను. "సోమవారం రా, ప్రొఫెసర్" అన్నారు. నేను ప్రొఫెసర్‌ని కాదు. తనని పేరు పెట్టి పిలవమన్నారు గాని నా నోరు తిరగలేదు, సర్ అనేవాణ్ణి. ఎవరి అలవాటు వాళ్ళం ఉంచుకున్నాం.

ప్రతిపక్ష నాయకుడంటే నాకు విజయవాడలో పేపర్లు చదివి ఏర్పడ్డ అభిప్రాయం ఒకటుండేది. లేచి నిలబడతాడు, అరుస్తాడు, కాగితాలు చింపుతాడు, తనవాళ్ళందరినీ వెంటబెట్టుకుని బయటికి నడుస్తాడు. మొదటి వారమే మా ఆఫీసు సెక్రటరీని అడిగాను, "మనం వాకౌట్ ఎప్పుడు చేస్తాం?" అని. ఆవిడ గడియారం చూసి, "పన్నెండున్నరకి, భోజనానికి" అంది.

నెమ్మదిగా విషయం బోధపడింది. ఇక్కడ స్పీకరంటే రెండు పక్షాలకీ మధ్యస్థుడు కాదు, గెలిచిన పక్షానికి సేనాపతి. ఏ బిల్లు చర్చకి వస్తుందో, ఏ కమిటీలో ఎవరుంటారో, ఆఖరికి ప్రతిపక్షానికి ఎన్ని గదులో కూడా ఆయనే చెబుతారు. మా గది బాయిలరు పక్కన. టైప్‌రైటరు రిబ్బను అయిపోతే స్పీకరు ఆఫీసుకి చీటీ పంపాలి. ఎవరిని ఎదిరించడానికి జీతం తీసుకుంటున్నామో వాళ్ళనే రిబ్బను అడగడం మొదట్లో నాకు సిగ్గుగా ఉండేది. తరవాత అలవాటై, రెండేసి అడిగేవాణ్ణి.

మా తెలుగువాళ్ళకి ఈ ఉద్యోగం అర్థమయ్యేలా చెప్పడం నావల్ల కాలేదు. శనివారం ఎవరింట్లోనో భోజనాలు ఉండేవి. అందరికీ పెద్దదిక్కు ఒక గుండె డాక్టరుగారు, మేమంతా పెద్ద డాక్టరుగారు అనేవాళ్ళం. ఒకసారి ఆయన పెరుగన్నం ప్లేటుతో నా పక్కన కూర్చున్నారు.

"ఏమయ్యా, మొత్తం అమెరికాకి ప్రతిపక్ష నాయకుడెవరు?"

"అలా ఒక్కరు లేరండీ."

"లేకపోవడమేమిటి?"

"సెనేట్‌లో ఒకరు, హౌస్‌లో ఒకరు, పార్టీకి చైర్మన్ ఇంకొకరు. ఎవరి మాటా ఇంకొకరు వినక్కర్లేదు."

"మరి ప్రెసిడెంటు మీద పోటీ చేసి ఓడిపోయినాయన?"

"ఆయన ఇంటికెళ్ళిపోయారండీ."

"ఇంటికా! ఓడిపోయాక కదయ్యా అసలు పని మొదలయ్యేది! పోనీ ఆ హౌస్‌లో ఉన్నాయనైనా గట్టిగా అడ్డుపడతాడా?"

"హౌస్‌లో ఇప్పుడు వాళ్ళదే మెజారిటీ. స్పీకరే వాళ్ళ పెద్ద."

పెద్ద డాక్టరుగారు స్పూను కింద పెట్టారు. "అంటే ప్రతిపక్షమే అధికారంలో ఉంది."

"సగం అధికారంలో అండీ."

"నీకు జీతం ఇచ్చేవాళ్ళకైనా ఈ సంగతి తెలుసా?" అని, మా ఆవిడ వైపు తిరిగి, "అమ్మా, నువ్వు రెసిడెన్సీ త్వరగా పూర్తి చెయ్యి, ఇతని ఉద్యోగం నాకు నమ్మకంగా లేదు" అన్నారు.

మా ఆవిడ అప్పుడు రాజధానికి గంటన్నర దూరంలో ఇంకో ఊళ్ళో ఆస్పత్రిలో రెసిడెన్సీ, అంటే లైసెన్సుకి ముందు డాక్టర్లు పొందాల్సిన శిక్షణ, చేస్తోంది. వారమంతా నేను రాజధానిలో ఒక గదిలో ఉండి, గురువారం సాయంత్రం ఆమె దగ్గరికి వెళ్ళేవాణ్ణి. మొదట బస్సులో. తరవాత మా నాయకుడి కార్లో, దారే కాబట్టి. ఆయన పని ఎలా చేస్తారో నేను చూసింది సభలో కాదు, ఆ కార్లోనే.

మనకి తెలిసిన పార్టీల్లో నాయకుడి చేతిలో బీ-ఫారం ఉంటుంది. మాట వినకపోతే మళ్ళీసారి టికెట్టు రాదు. ఇక్కడ బీ-ఫారం లేదు. ఎవరి నియోజకవర్గంలో వాళ్ళు పార్టీ ఓటర్ల చేత ఎన్నికై, ఎవరి చందాలు వాళ్ళు పోగుచేసుకుని వస్తారు. నాయకుణ్ణి ఎన్నుకునేది ఈ సభ్యులే, చీటీలు వేసి. తీసెయ్యాలన్నా చీటీలే. అంటే ఆయన వాళ్ళని భయపెట్టలేడు, వాళ్ళే ఆయన్ని భయపెట్టగలరు. అయినా ఏదైనా ముఖ్యమైన బిల్లు వస్తే వాళ్ళందరినీ ఒకవైపు నిలబెట్టాలి.

అందుకాయన లిఫ్టు ఇచ్చేవారు.

గురువారంతో సభ ముగిసి అందరూ ఇళ్ళకి బయల్దేరతారు. ఆయనది పొడుగాటి పాత స్టేషన్ వాగన్. సొంతూళ్ళో వాళ్ళ కుటుంబానికి విత్తనాల దుకాణం ఉండేది, కారు వెనకంతా మొక్కజొన్న విత్తనాల బస్తాలు. హీటరు డ్రైవరు ఎడమకాలికి మాత్రమే పనిచేసేది. ఆ వారం ఎవరి ఓటు అనుమానంగా ఉందో వాళ్ళని "మీ ఊరి మీదుగానే వెళ్తున్నాను, రండి" అని ముందు సీట్లో కూర్చోబెట్టుకునేవారు. చాలాసార్లు ఆ ఊరి మీదుగా దారే ఉండేది కాదు. నేను వెనక సీట్లో ఫైళ్ళతో.

ఒక సభ్యుడు స్కూళ్ళ బిల్లుకి ఓటు వెయ్యనని పంతం పట్టి ఎక్కాడు. మా నాయకుడు గంటసేపు బిల్లు ఊసెత్తలేదు. ఆ సభ్యుడి తల్లి మోకాలు గురించి అడిగారు, బావమరిది పడవ గురించి అడిగారు, ఆ తరవాత ఊరికే డ్రైవ్ చేశారు. హైవే దిగబోతుండగా అతనే, "సరే, వేస్తాను. కానీ నేను చివరిదాకా పోట్లాడానని మీరు అందరికీ చెప్పాలి" అన్నాడు. "బ్రహ్మాండంగా పోట్లాడావు, నా చెవులు ఇంకా గింగురుమంటున్నాయి" అన్నారు ఈయన. అతను దిగి వెళ్ళాక నావైపు అద్దంలో చూసి, "కార్లోంచి ఎవరూ వాకౌట్ చెయ్యలేరు, ప్రొఫెసర్" అన్నారు. సెక్రటరీ ఆయనకి నా వాకౌట్ సంగతి చెప్పేసిందని అప్పుడు తెలిసింది.

కార్లో మాట కార్లోనే ఉండాలి. ఆ నియమం ఆయన పైకి ఎప్పుడూ చెప్పలేదు, ఎవరూ తప్పలేదు.

ప్రతిపక్షం చేతిలో నిజమైన తాళం చెవి ఒకటే ఉండేది. మామూలు మెజారిటీతో ఏ బిల్లయినా నెగ్గుతుంది గాని, అది అమల్లోకి రావడానికి నెలలు పడుతుంది. వెంటనే అమల్లోకి రావాలంటే సభలో మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. అన్ని ఓట్లు స్పీకరు దగ్గర లేవు. మిగతావి మా దగ్గర ఉన్నాయి. మిగతా ఏడాదంతా రిబ్బను కోసం మేము ఆయన్ని అడిగితే, ఆ ఒక్క పూట ఆయన మమ్మల్ని అడగాలి.

ఎనభైల మొదట్లో ఆ పూట వచ్చింది. ఫ్యాక్టరీలు మూతబడి ఖజానా ఖాళీ అయింది. స్కూళ్ళకి ఇవ్వాల్సిన డబ్బు ఆగిపోయే స్థితి. స్పీకరు పన్ను పెంచే బిల్లు తెచ్చారు, అది వెంటనే అమలు కావాలి. మావాళ్ళు ఒక్క ఓటూ ఇవ్వకూడదని కాకస్‌లో, అంటే పార్టీ సభ్యులు తలుపులేసుకుని కూర్చునే సమావేశంలో, తీర్మానించుకున్నారు. పన్ను పెంచినవాళ్ళుగా పేరు మోయడం వాళ్ళకిష్టం లేదు. అది న్యాయమే.

అదే సమయంలో ఇంకో బిల్లు నడుస్తోంది. డాక్టర్ల లైసెన్సు నిబంధనలు మార్చే బిల్లు. దాంట్లో ఒక క్లాజు: బయట దేశాల్లో చదివిన డాక్టర్లు ఇక్కడి వాళ్ళకంటే రెండేళ్ళు ఎక్కువ ఆస్పత్రి శిక్షణ పొందాలి, ఇప్పటికే శిక్షణలో ఉన్నవాళ్ళకి కూడా ఇది వర్తిస్తుంది. మా ఆవిడకి రెసిడెన్సీ ఇంకొన్ని నెలల్లో అయిపోతుంది. ఒక చిన్న ఊరి క్లినిక్‌లో ఉద్యోగం ఇస్తామన్నారు. క్లాజు నెగ్గితే ఆ ఉద్యోగం పోతుంది, అదనపు రెండేళ్ళు నేర్పడానికి ఏ ఆస్పత్రిలోనూ ఖాళీ లేదు.

"రెండేళ్ళు ఎక్కువ ఏం నేర్పుతారట?" అంది మా ఆవిడ.

"బిల్లులో రాయలేదు."

"మీరు రోజూ ఆ బిల్డింగ్‌లోనే కదండీ కూర్చుంటారు! ఎవరికీ చెప్పరా?"

"మాది ప్రతిపక్షం."

"అబ్బా. నేను ఐ.సి.యూలో అలా చెప్తే ఎలా ఉంటుందో ఆలోచించండి."

నేను ఎవరికీ చెప్పలేదు. ఆఫీసులో సొంత పనులు అడక్కూడదు. కాని ఒక గురువారం కార్లో మేమిద్దరమే ఉన్నాం. "వారం నుంచీ ఫైళ్ళు తలకిందులుగా పట్టుకుంటున్నావు, ఏమైంది?" అన్నారాయన. చెప్పాను. ఆయన "ఊఁ" అన్నారు. కొంతదూరం పోయాక, "మా ఊరి ఆస్పత్రిలో డాక్టర్లలో సగంమంది అటునుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళు వెళ్ళిపోతే మిగిలేది పళ్ళ డాక్టరు" అన్నారు. అంతే.

మరుసటి గురువారం మంచు దంచికొట్టింది. సభ పెందలాడే వాయిదా పడింది. పార్కింగ్‌లో స్పీకరుగారి కారు స్టార్టవడం లేదు. ఆయన ఊరు కూడా మా హైవే మీదే. మా నాయకుడు కిటికీ దించి, "ఎక్కు, మీ ఊరి మీదుగానే వెళ్తున్నాను" అన్నారు.

ఈ లిఫ్టు సంగతి మాత్రం తరవాత నేను పేర్లు లేకుండా శనివారం భోజనాల దగ్గర చెబితే ఎవరూ నమ్మలేదు. "మనవాళ్ళయితే ఆ కారుతోనే గుద్దేసి ఉండేవాళ్ళు కదయ్యా" అన్నారు పెద్ద డాక్టరుగారు.

స్పీకరు ముందు సీట్లో, నేను వెనక బస్తాలకి ఆనుకుని. ఇద్దరూ చాలాసేపు హీటర్ని తిట్టుకున్నారు. తరవాత స్పీకరే మొదలుపెట్టారు.

"నాకు నీ ఓట్లు కావాలి."

"తెలుసు."

"మీవాళ్ళు ఇవ్వరు."

"అదీ తెలుసు. స్కూళ్ళు మూతబడితే వాళ్ళ పిల్లలూ ఇంట్లోనే ఉంటారు. నేనడిగితే సరిపడా మంది వస్తారు. వచ్చినవాళ్ళు నన్ను తిడతారు, రానివాళ్ళు ఇంకా ఎక్కువ తిడతారు."

"ఏం కావాలి నీకు?"

"ఆ డాక్టర్ల బిల్లులో క్లాజు తీసెయ్."

"అది నేను కొందరికి మాటిచ్చింది. నీకోసం తీశానని తెలిస్తే నావాళ్ళే నన్ను బతకనివ్వరు."

"నాకోసం అని ఎవరు చెబుతారు? కమిటీ చైర్మన్‌కి జ్ఞానోదయమైందని చెప్పు."

"నువ్వు ఎవరికీ చెప్పవు."

"చెప్పను."

స్పీకరు వెనక్కి తిరిగి నన్ను చూశారు. నేను కళ్ళు మూసుకుని ఉన్నాను. ఎందుకు మూసుకున్నానో నాకే తెలీదు. పెద్దవాళ్ళు మాట్లాడుకుంటుంటే వినడం లేదన్నట్టు ఉండాలని మా ఇంట్లో నేర్పారు, బహుశా అదే. "అతను?" అన్నారు స్పీకరు. "అతను నా మనిషి" అన్నారు మా నాయకుడు. వంతెన అన్న మాట ఆ కార్లో ఎవరూ ఎత్తలేదు. దారిలో రెండు వంతెనలు దాటాం, వాటి గురించి కూడా ఎత్తలేదు.

ఆయన అన్నట్టే ఓట్లు వచ్చాయి. పన్ను బిల్లు వెంటనే అమలైంది. డాక్టర్ల బిల్లు కమిటీ నుంచి క్లాజు లేకుండా బయటికొచ్చి, సభలో నెగ్గి, పైసభకి, అంటే రాష్ట్ర సెనేట్‌కి, వెళ్ళింది. అంతా సవ్యంగా జరిగేదే. కాని మరుసటి వారం, మా నాయకుడి ఊళ్ళో నది మీద కొత్త వంతెన మంజూరైందని రహదారుల శాఖ ప్రకటించింది. ఆ ఊరివాళ్ళు ఎన్నో ఏళ్ళుగా అడుగుతున్న వంతెన. స్పీకరు కృతజ్ఞత కొద్దీ, ఎవరూ అడక్కుండానే పంపిన బహుమతి. అంతకంటే పెద్ద దెబ్బ శత్రువైనా కొట్టలేడు.

స్పీకరు మా కారెక్కడం పార్కింగ్‌లో చూసినవాళ్ళున్నారు. ఆ శుక్రవారానికే మావాళ్ళందరి నోటా ఒకే మాట. ముసలాయన ఓట్లని వంతెనకి అమ్మేశాడు.

ఈ మాట ముందుకి తీసుకెళ్ళింది కొత్తగా గెలిచొచ్చిన ఒక కుర్ర లాయరు. తెలివైనవాడు. నాయకుణ్ణి మార్చాలని అతను సోమవారం కాకస్ పిలిపించాడు. సిబ్బందిమి గోడ పక్కన కుర్చీల్లో కూర్చున్నాం. "మనల్ని జనం ఓడించి ఇక్కడ కూర్చోబెట్టారు" అన్నాడు ఆ లాయరు. "ఇల్లు తగలబడుతుంటే నీళ్ళు మొయ్యడం మన పని కాదు. ఎవరు అంటించారో వీధిలో నిలబడి చెప్పడం మన పని. మనం నీళ్ళు మోస్తే, మంట ఆర్పింది వాళ్ళే అంటారు." చాలామంది బల్లలు చరిచారు. న్యాయంగా చెప్పాలంటే, ఆ మాటల్లో నాకు ఇప్పటికీ తప్పు కనబడదు. ప్రతిపక్షం గెలిచేది ఎక్కువగా అలాగే. ఆ మధ్యలో స్కూళ్ళు నడవాలన్నది వేరే సంగతి.

మా నాయకుడు లేచారు. "వంతెన కోసం నేను ఓట్లు ఇవ్వలేదు."

"మరి దేనికిచ్చారు?"

"స్కూళ్ళకి. ఇంకొకటి కూడా ఉంది. అది చెప్పనని మాటిచ్చాను."

గదిలో గోల. ఎవరో నవ్వారు. "ఆ ఇంకొకదానికి ఎన్ని స్తంభాలు?" అన్నారెవరో. అప్పుడా లాయరు నావైపు తిరిగాడు.

"మీ ప్రొఫెసర్ కార్లో ఉన్నాడట. అతనేం మాటివ్వలేదు కదా? నువ్వు చెప్పవోయ్. వంతెన మాట వచ్చిందా, రాలేదా?"

రాలేదు అంటే, మరి ఏ మాట వచ్చింది అని అడుగుతాడు. డాక్టర్ల బిల్లు ఇంకా పైసభలో ఉంది. చెబితే క్లాజు తిరిగొచ్చేస్తుంది. నా పెళ్ళాం కోసం నా నాయకుడి చేత బేరం పెట్టించానని పేపర్లో వస్తుంది. నా ఉద్యోగం పోతుంది. ఇవన్నీ నేను నిదానంగా ఆలోచించానని చెప్పుకుంటూ వచ్చాను చాలా ఏళ్ళు. నిజానికి అందరూ నావైపు చూశారు, నాకు భయం వేసింది.

"తెలీదు. వెనక సీట్లో నిద్రపోయాను."

మా నాయకుడు నన్ను చూశారు. ఆశ్చర్యం లేదు ఆ చూపులో. "వారమంతా బడ్జెట్‌తో కుస్తీపట్టాడు, నేనే పడుకోమన్నాను" అని వాళ్ళకి చెప్పారు.

చీటీలు కాఫీ డబ్బాలో వేశారు. రెండు చీటీల తేడాతో ఆయన దిగిపోయారు. ఆ లాయరు నాయకుడయ్యాడు. ఆయన వెళ్ళి అతనికి షేక్‌హ్యాండ్ ఇచ్చి, బాయిలరు పక్కనున్న మా గది తాళం ఎలా తిప్పితే పడుతుందో చూపించారు.

ఆ గురువారం ఆయన నా బల్ల దగ్గరికొచ్చి, "వస్తావా, ప్రొఫెసర్?" అన్నారు. "పనుంది సర్" అన్నాను. పనిలేదు. బస్సులో వెళ్ళాను. ఆ తరవాత ఎప్పుడూ ఆ కారెక్కలేదు. కొత్త నాయకుడు నన్ను ఉద్యోగంలో ఉంచాడు. సమయానికి నిద్రపోయేవాడు పనికొస్తాడని అనుకుని ఉంటాడు. అతను లిఫ్టులు ఇవ్వలేదు, టీవీ వాళ్ళని పిలిచేవాడు. మాకు సీట్లు పెరిగాయి.

బిల్లు క్లాజు లేకుండానే చట్టమైంది. మా ఆవిడకి లైసెన్సు వచ్చింది. తెలుగు డాక్టర్లంతా కలిసి, క్లాజు తీయించిన కమిటీ చైర్మన్‌కి ఒక హైస్కూలు ఆడిటోరియంలో సన్మానం పెట్టారు. పిల్లల డాన్సులు, ట్రేలలో పులిహోర, శాలువా, పూలదండ. సన్మానపత్రం ఇంగ్లీషులో రాసి చదివే పని నాకిచ్చారు.

"పాత ప్రతిపక్ష నాయకుణ్ణి కూడా పిలిస్తే బాగుంటుందేమోనండీ" అన్నాను పెద్ద డాక్టరుగారితో. అంతవరకు ధైర్యం చేశాను.

"ఆయన్నెందుకు? ప్రతిపక్షం చేతిలో ఏముంటుందయ్యా? పైగా వాళ్ళ వాళ్ళే దించేశారటగా! దిగిపోయినవాడికి శాలువా ఏమిటి?"

"అదీ నిజమే" అన్నాను.

అప్పటికి చట్టం మీద గవర్నరు సంతకం అయిపోయింది. భయపడడానికి ఇక ఏ కారణమూ లేదు. అయినా మైకు ముందు నిలబడి ఆ చైర్మన్ దూరదృష్టి గురించి రెండు పేజీలు చదివాను. ఆయన కొంచెం తెల్లబోయి, శాలువా సర్దుకుని, "నాకు మీ వంటలంటే ఎప్పుడూ ఇష్టమే" అన్నారు. మొదటి వరసలో కూర్చుని మా ఆవిడ చప్పట్లు కొట్టింది. ఆమెకీ నేను చెప్పలేదు.

మా నాయకుడు వెనక వరస బల్లలో ఆ టర్ము ముగిసేదాకా కూర్చుని, మళ్ళీ పోటీ చెయ్యకుండా విత్తనాల దుకాణానికి వెళ్ళిపోయారు. నేను కొన్నాళ్ళకి ఆ ఉద్యోగం వదిలి, మా ఆవిడ క్లినిక్ ఉన్న ఊళ్ళో ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో చేరాను.

ఎనభైల చివర ఒక ఆదివారం పేపర్లో చిన్న వార్త. ఆ ఊరి వంతెనకి ఆయన పేరు పెడతామంటే ఆయన వద్దన్నారట. నేనా వంతెనని అడగలేదు, నా పేరెందుకు అన్నారట. పైకి చదివాను.

"పాపం, ఆ వంతెన వల్లే కదండీ ఆయన పదవి పోయింది" అంది మా ఆవిడ దోసె తిరగేస్తూ.

"కాదు" అన్నాను.

మొత్తం చెప్పాను. కారు, క్లాజు, కాఫీ డబ్బా, శాలువా. ఆమె స్టవ్ ఆపేసింది. "నేను ఆ చైర్మన్‌కి చప్పట్లు కొట్టాను" అంది.

"అవును."

"మీరు చూస్తూ ఊరుకున్నారు."

"అవును."

"కారు తాళాలెక్కడున్నాయి?"

చీర మార్చుకొచ్చి, ఆమే ముందు బయటికి నడిచింది. దారిపొడుగునా నాతో మాట్లాడలేదు. ఆ ఊరు చేరేసరికి మధ్యాహ్నం. ఆదివారమైనా దుకాణం తీసే ఉంది. ఆయన వంగిపోయారు, కళ్ళద్దాలు మందమయ్యాయి. నన్ను పోల్చుకోడానికి దగ్గరికి రావలసివచ్చింది.

"ప్రొఫెసర్! బస్సులోనే వచ్చావా?"

మా ఆవిణ్ణి పరిచయం చేశాను. ఆమె ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, "నాకివాళ పొద్దున్నే తెలిసింది" అంది. ఆయనకి అర్థమైంది. "మంచి డాక్టరువేనా?" అని అడిగారు. "మంచిదాన్నే" అంది. "అయితే గిట్టుబాటైంది" అన్నారు.

కళ్ళు సరిగ్గా ఆనక ఆయన డ్రైవింగ్ మానేశారు. ఇల్లు నది అవతల. "మీ ఇంటి మీదుగానే వెళ్తున్నాం, రండి" అన్నాను. ఆయన నవ్వి ముందు సీట్లో కూర్చున్నారు. మా ఆవిడ వెనక సీట్లో కూర్చుంది. కారు కదిలింది. చెప్పాలనుకున్నది దుకాణంలో చెప్పలేకపోయాను, దుకాణానికి తలుపుంది. కార్లోంచి ఇద్దరికీ బయటికి దారి లేదు. వంతెన ఎక్కుతుండగా అన్నాను.

"ఆ రోజు కార్లో నేను నిద్రపోలేదు, సర్."

"తెలుసు. నువ్వు నిద్రపోతే గురక పెడతావు."

"పెడతారు" అంది వెనక నుంచి మా ఆవిడ. ఇంట్లోంచి బయల్దేరాక ఆమె నా గురించి అన్న మొదటి మాట అది.

ఆయన కాసేపు నదివైపు చూశారు. "సోమవారం సంగతి నాకు అర్థమైంది. బిల్లు ఇంకా పైసభలో ఉంది. నువ్వు నోరు విప్పితే క్లాజు తిరిగొచ్చేది, నేను చేసిందంతా వృథా అయ్యేది. ఆ గదిలో నీ స్థానంలో ఉంటే నేనూ నిద్రపోయేవాణ్ణేమో." తరవాత నావైపు తిరిగారు. "గురువారం ఎందుకు రాలేదు? ఆ రోజు ముందు సీటు ఖాళీగా ఉంది. గంటన్నర ఒక్కణ్ణే నడిపాను. అంతకుముందు ఎప్పుడూ అలా వెళ్ళలేదు."

అన్నేళ్ళూ నేను సమాధానాలు సిద్ధం చేసుకున్నది సోమవారానికి. గురువారం గురించి ఆయన అడుగుతారని ఎప్పుడూ అనుకోలేదు. వంతెన దాటి, రోడ్డు పక్కన కారు ఆపాను.

"మీరేమీ అనరని తెలుసు, సర్. అందుకే ఎక్కలేకపోయాను. పనుందని అబద్ధం చెప్పాను. ఆ తరవాత శాలువా వేరే ఆయనకి కప్పుతుంటే మైకు నా చేతిలోనే ఉంది, అప్పుడూ చెప్పలేదు. నిద్రపోయానన్నందుకు క్షమించండి. మీరు చేసింది ఇంకొకరు చేశారని చదివినందుకు క్షమించండి. అన్నిటికంటే, గురువారం రానందుకు క్షమించండి."